ముందు కారణం తేల్చుకో అమ్మాయీ

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

వన్యప్రాణి సంరక్షణలో చేరానని, అంతరించిపోతున్న జీవుల కోసం పెంపకం కేంద్రం పెట్టించాలని ఉందని రాశావు. చాలా సంతోషం. ఇదే పనిలో జుట్టు నెరిసినవాణ్ణి కాబట్టి ఒక్క మాట గట్టిగా చెప్పనివ్వు. ఆ జీవి ఎందుకు తగ్గిపోతోందో తేలకుండా దాన్ని పెంచే పనికి దిగొద్దు.

కారణాల జాబితా నీకు తెలిసిందే. 2019లో ఐపీబీఈఎస్ (జీవవైవిధ్యం మీద ప్రభుత్వాలకు శాస్త్ర సమాచారం ఇచ్చే అంతర్జాతీయ సంస్థ) నివేదిక దాదాపు 10 లక్షల జాతులకు ముప్పుందని చెబుతూ అయిదింటిని వరసపెట్టింది: నేలనీ సముద్రాన్నీ మనం వాడుకునే తీరు మారడం, మితిమీరిన వేట, వాతావరణ మార్పు, కాలుష్యం, బయటి నుంచి వచ్చి పాతుకుపోయే జాతులు. అడవి నరికేస్తే ఎవరికైనా కనిపిస్తుంది. కనిపించకుండా చంపేవాటితోనే అసలు చిక్కు.

1990లలో భారత ఉపఖండమంతటా రాబందులు మెడలు వాల్చేసి చెట్ల మీంచి రాలిపడ్డాయి. ఏదో వైరస్ అనుకున్నారు చాలామంది. చచ్చిన పక్షిని కోసి చూస్తే గుండె, కాలేయం మీద సున్నం పూసినట్టు తెల్లటి పొర. అది యూరిక్ ఆమ్లం. మూత్రపిండాలు చెడిపోయాయన్నమాట. వాటిని చెడగొట్టింది పశువులకు నొప్పి తగ్గడానికి వేసే డైక్లోఫెనాక్ అని 2004లో బయటపడింది. ఆ మందు పడిన కొద్దిసేపటికే పశువు చనిపోతే, ఒక్క కళేబరం మీద వాలిన గుంపంతా పోవచ్చు. ఆ తర్వాత కొన్నేళ్లకు లెక్క చూస్తే దేశంలో తెల్లవీపు రాబందుల్లో 99 శాతానికి పైగా మిగల్లేదు. 2006లో భారత్, నేపాల్, పాకిస్తాన్ ఆ మందును పశువైద్యంలో ఆపాయి, బదులుగా రాబందులకు హాని చెయ్యని మెలోక్సికామ్ ఉంది. అయినా మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలు పశువులకే చేరుతుంటే 2015లో మన దేశంలో సీసాను 3 మిల్లీలీటర్లకు తగ్గించాల్సి వచ్చింది. ఉత్తర్వు వచ్చిందని ఊరుకోకూడదని ఇందుకే అంటాను. నిషేధించిన వస్తువు ఎక్కడెక్కడ దొరుకుతోందో వెళ్లి చూడటం కూడా నీ ఉద్యోగమే.

పసిఫిక్ సముద్రంలోని గువామ్ దీవిదీ ఇలాంటి కథే. అడవి పిట్టలు ఒక్కొక్కటే మాయమవుతుంటే పురుగుమందులనీ, రోగాలనీ అనుమానించారు. చివరికి దొరికింది రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సరుకులతో పాటు దిగిన గోధుమరంగు చెట్టుపాము. అప్పటికే 12 స్థానిక అడవి పక్షుల్లో 10 పోయాయి. గువామ్ రైల్ అనే ఎగరలేని పక్షిని బోనుల్లో పెంచి బతికించారు గానీ, సొంత దీవిలో పాము అలాగే ఉండటంతో పామింకా చేరని రోటా దీవిలో వదలాల్సి వచ్చింది.

కారణం తొలగకుండానే జంతువుల్ని వదిలితే ఏమవుతుందో అరేబియన్ ఓరిక్స్ అనే ఎడారి జింకను చూసి తెలుసుకో. వేట వల్ల 1972 నాటికి బయట ప్రకృతిలో ఒక్కటీ లేదు. జంతుప్రదర్శనశాలల్లో పెంచిన వాటిని 1982లో ఒమన్‌లో వదిలారు. 1996కి 450 అయ్యాయి. వేటగాళ్లు మళ్లీ వచ్చారు. 2007 నాటికి మిగిలినవి 65, పైగా ప్రభుత్వం అభయారణ్యాన్ని 90 శాతం కుదించేసింది. యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితా నుంచే తీసేసింది. ఇది తలచుకుంటే నాకిప్పటికీ బాధగానే ఉంటుంది.

పెంపకం వద్దని నేననడం లేదు. పదుల సంఖ్యకు పడిపోతే ఆగే సమయం ఉండదు, రెండు పనులూ కలిపే చెయ్యాలి. న్యూజిలాండ్ చాతమ్ దీవుల్లో నల్ల రాబిన్ పిట్టలు 1980కి అయిదే మిగిలాయి, వాటిలో గుడ్లు పెట్టి పిల్లల్ని చేస్తున్న ఆడది ఒక్కటే. దాని గుడ్లు తీసి వేరే జాతి పిట్టల గూళ్లలో పొదిగించారు. గుడ్లు పోయిన రాబిన్ మళ్లీ పెట్టింది. అయితే అంతకుముందే ఆ పక్షుల్ని పాడైపోయిన దీవి నుంచి, చెట్లు నాటుతున్న పక్క దీవికి మార్చి ఉంచారు. ఈ సంగతి చాలామంది చెప్పరు. ఇప్పుడవి 200 దాటాయి, అన్నీ ఆ ఒక్క తల్లి సంతానమే. అందుకే వాటిలో జన్యు వైవిధ్యం చాలా తక్కువ. అంత దూరం రాకముందే మేలుకోవాలి.

ఇక నువ్వు చెయ్యాల్సింది. ఏటా అదే కాలంలో, అదే దారిలో, అదే పద్ధతిలో లెక్కపెట్టు. పద్ధతి మారిస్తే పాత లెక్కలు పనికిరావు. చచ్చిన జీవి దొరికితే ఫొటో తీసి వదిలెయ్యకు, పశువైద్యుడి చేత కోయించి నమూనాలు శీతలీకరించి దాచు. అక్కడే పుట్టి పెరిగినవాళ్లని అడుగు, ఏ ఏడు నుంచి కనబడటం తగ్గిందో వాళ్లు చెబుతారు. ఆ ఏడాది అక్కడ కొత్తగా వచ్చిన మందేమిటో, పంటేమిటో, రోడ్డేమిటో వెతుకు.

నువ్వెంచుకున్న జీవి పేరు, దాని మీద ఉన్న పాత లెక్కలు నాకు పంపు. కేంద్రం కోసం అర్జీ పెట్టేలోగా ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ పెదనాన్న