హోమ్‌స్కూల్ పిల్లలను పబ్లిక్ స్కూల్ బ్యాండ్‌లో, ఆటల్లో చేర్చుకుంటారా? పెన్సిల్వేనియాలో మా అనుభవం

ఈ మధ్యే పెన్సిల్వేనియాకు మారామని, ఎనిమిదో తరగతి పాపను ఇంట్లోనే చదివిస్తున్నామని, స్కూల్ వదిలేశాం కాబట్టి బ్యాండ్ (స్కూల్ వాయిద్య బృందం), క్రాస్ కంట్రీ (దూరపు పరుగు పందేలు) కూడా వదులుకోవాల్సిందేనా అని అడిగారు. అక్కర్లేదండీ. మీ స్కూల్ డిస్ట్రిక్ట్, అంటే మీ ప్రాంతంలో పబ్లిక్ స్కూళ్లను నడిపే సంస్థ, చేర్చుకోవాలి. అది వాళ్లు మన మీద చూపించే దయ కాదు, చట్టమే అలా ఉంది. ఇంట్లో చదివినంత మాత్రాన ఇంటి మీద కట్టే స్కూల్ ట్యాక్స్ ఒక్క డాలర్ కూడా తగ్గదు కదా, కాబట్టి మొహమాటపడకుండా అడగండి.

ఇక్కడ యాక్ట్ 67 అని 2005లో చేశారు, 2006 జనవరి నుంచి అమల్లో ఉంది. మీరు ఉంటున్న డిస్ట్రిక్ట్‌లో, మీ పాప మామూలుగా ఏ స్కూలుకు వెళ్లాల్సి ఉంటుందో ఆ స్కూల్లో, బడి వేళల తర్వాత జరిగే ఆటలు, క్లబ్బులు అన్నింటికీ ప్రయత్నించవచ్చు. పక్క డిస్ట్రిక్ట్‌లో టీమ్ బాగుందని అక్కడికి వెళ్తామంటే కుదరదు. ట్రైఅవుట్లు (టీమ్‌కు ఎంపిక పోటీలు), డాక్టర్ పరీక్ష, ఇన్సూరెన్స్, క్రమశిక్షణ నియమాలు అందరికీ ఎలాగో మన పిల్లలకూ అంతే. మావారికి మొదట్లో ఒక బాధ ఉండేది, రోజూ స్కూలుకు వెళ్లే పిల్ల చోటు మనం లాక్కుంటున్నామా అని. ట్రైఅవుట్ చూశాక ఆ మాట మళ్లీ అనలేదు. పరుగెత్తగలిగితే తీసుకున్నారు, లేకపోతే లేదు, ఎవరి పిల్ల అని చూడలేదు.

ఇక మా సంగతి. పాప ఆరో తరగతి అయ్యాక 2021లో ఇంటి చదువు మొదలుపెట్టాం. మా అత్తయ్యగారైతే ఫోన్‌లో "ప్రైవేటుగా కట్టిస్తున్నారా?" అని కంగారు పడ్డారు, మన దగ్గర పదో తరగతి తప్పినవాళ్లు కట్టేవాళ్లు చూడండి, అలా అనుకున్నారు. ఆ ఏడాది క్రాస్ కంట్రీ పోయింది. ఎవరూ వద్దనలేదు, ఎప్పుడు చేరాలో మాకు తెలియనే లేదు. తేదీలన్నీ స్కూల్ యాప్‌లో వస్తాయి, ఆ యాప్ స్కూల్ హాజరు పట్టీలో పేరున్న పిల్లల తల్లిదండ్రులకే ఉంటుంది. సెప్టెంబర్‌లో గ్రౌండ్ పక్కనుంచి కారులో వెళ్తూ పిల్లలు పరుగెత్తడం చూసి అడిగితే, ఫారాల గడువు అయిపోయిందన్నారు. పాప ఆ రోజు కారులో ఒక్క మాట మాట్లాడలేదు. చట్టం ఉందన్న ధీమాతో కూర్చున్నందుకు నాకు ఇప్పటికీ బాధే.

బ్యాండ్ కథ ఇంకా కష్టం. తను నాలుగో తరగతి నుంచి క్లారినెట్ వాయించేది. బ్యాండ్ పగటిపూట క్లాసు, మార్కులు వేసే సబ్జెక్టు, అది ఎక్స్‌ట్రాకరిక్యులర్ (చదువుకు బయటి కార్యక్రమం) కిందికి రాదు అన్నారు. వాళ్లు చెప్పింది అప్పటి నియమం ప్రకారం తప్పేం కాదు, కానీ రెండేళ్లు ఆ పిల్ల ఒక్కతే గదిలో తలుపు వేసుకుని వాయించుకుంది, పక్కన ఇంకో వాయిద్యం లేకుండా. బ్యాండ్ అనేది ఒక్కరు చేసేది కాదు కదండీ. 2022లో యాక్ట్ 55 వచ్చి ఈ ముడి విప్పింది. బ్యాండ్, ఆర్కెస్ట్రా లాంటి కో-కరిక్యులర్ (క్లాసుతో ముడిపడిన) వాటికీ, రోజులో పావు వంతు వరకు మామూలు క్లాసులకూ హోమ్‌స్కూల్ పిల్లలను రానివ్వాలని రాశారు, 2023-24 నుంచి అమలు. సరిగ్గా మా పాప తొమ్మిదిలోకి వచ్చిన ఏడు. ఆగస్టు ఎండలో బ్యాండ్ క్యాంప్‌కు వెళ్లి, నల్లబడి, కాళ్లు నొప్పులతో ఇంటికి వచ్చి, అన్నం తింటూ కూడా వాయిస్తూ నడిచే అడుగుల లెక్క చెప్పుకుంటూ ఉండేది.

అంతా సాఫీగా ఏమీ జరగలేదు. స్కూల్ ఐడీ కార్డు లేక మొదటి వారాలు రోజూ ముందు తలుపు దగ్గర బెల్ కొట్టి నిలబడేది, ఒక్క క్లాసు కోసం నేను మధ్యాహ్నం పని ఆపి దింపి, మళ్లీ తెచ్చుకునేదాన్ని. మిగతావాళ్లు లంచ్‌లో కలిసి మాట్లాడుకున్నవి తనకు తెలిసేవి కావు. కానీ క్లారినెట్ సెక్షన్ పెద్దపిల్ల ఒకమ్మాయి తనను గ్రూప్ చాట్‌లో చేర్చింది, ఆ ఒక్క పనితో సగం కష్టం తీరింది. ఇంట్లో చదువు సరిగ్గా సాగుతోందని వారం వారం నేను స్కూలుకు రాసి పంపేదాన్ని, ఎందుకంటే ఇక్కడి చట్టంలో తల్లిదండ్రులే సూపర్‌వైజర్. ఆ మాటను తేలిగ్గా తీసుకోకండి, ఉన్నది ఉన్నట్టు రాయండి.

మీ బంధువులు వేరే రాష్ట్రాల్లో ఉండి కుదరదని చెప్పి ఉంటే, వాళ్ల దగ్గర అది నిజమే కావచ్చు. ఫ్లోరిడా 1996లోనే తలుపు తెరిచింది, 2007లో కాలేజీ ఫుట్‌బాల్‌లో పెద్ద అవార్డైన హైస్‌మన్ ట్రోఫీ గెలిచిన టిమ్ టీబో అలాగే ఇంట్లో చదువుతూ పబ్లిక్ స్కూల్ టీమ్‌లో ఆడాడు. వర్జీనియాలో ఇలాంటి బిల్లునే గవర్నర్ 2015, 2016, 2017లో వరుసగా వీటో చేశారు. టెక్సస్‌లో 2021 చట్టం ఇష్టమైతే చేర్చుకోండని డిస్ట్రిక్ట్‌లకు వదిలేసింది, 2025లో దాన్ని తిరగేసి, వద్దనుకునే డిస్ట్రిక్టే బోర్డులో తీర్మానం చేసుకోవాలన్నారు. కాబట్టి డాలస్‌లో ఉన్న అక్క మాట విని ఇక్కడ నిర్ణయం తీసుకోకండి.

మీరు ఇప్పుడే చేయాల్సింది, ఏప్రిల్, మేలలోనే అథ్లెటిక్ ఆఫీసుకు, బ్యాండ్ డైరెక్టర్‌కు విడివిడిగా ఈమెయిల్ రాసి, పాప పేరు లిస్టులో పెట్టమని అడగండి. నోటరీ చేయించిన అఫిడవిట్ ఏటా ఆగస్టు 1లోపు డిస్ట్రిక్ట్‌కు ఇవ్వాలి, కానీ అప్పటిదాకా ఆగితే క్యాంప్, ప్రాక్టీసులు ముంచుకొస్తాయి, కాబట్టి ముందే ఇచ్చి, అందినట్టు కాగితం తీసుకోండి. ఆఫీసులో ఎవరైనా ఫోన్‌లో కుదరదంటే గొడవ పడకుండా, ఆ మాటే ఈమెయిల్‌లో రాసి పంపమనండి. మాకు అలా అడిగిన రెండో రోజే ఫారాలు వచ్చాయి.