నిలబడ్డ బండి పట్టాలు తప్పితే

ప్రశ్న: అమెరికాలో ఒకప్పుడు ఆగి ఉన్న గూడ్సు వ్యాగన్లు కూడా పట్టాలు తప్పేవట, నిజమేనా? అంత పాడైన రైల్వేని మళ్లీ ఎలా నిలబెట్టారు? – ఒక పాఠకుడు, కాజీపేట

జవాబు: నిజమేనండీ. పెన్ సెంట్రల్ సంగతి అది. 1968లో రెండు పెద్ద రైల్వేలు కలిసి ఆ కంపెనీ అయ్యాయి. 1970 జూన్‌లోనే దివాలా తీసింది. చేతిలో డబ్బు ఆడనప్పుడల్లా స్లీపర్లు, అంటే పట్టాల కింద అడ్డంగా వేసే దుంగలు, మార్చే పని వెనక్కి నెట్టారు.

ట్రాక్ పనిలో ముప్పై ఏళ్లు చేసినవాణ్ణి, చెక్క స్లీపరు ఎలా మోసం చేస్తుందో నాకు తెలుసు. కంకరలో మట్టి పేరుకుంటే వాన నీరు దిగదు. స్లీపరు లోపల కుళ్లుతుంది, పైకి గట్టిగానే కనబడుతుంది. నేను చేరిన కొత్తలో మా ముఠా పెద్ద, మేట్ అంటాం, ఒకాయన పట్టాని స్లీపరుకి బిగించే మేకుని, అదే డాగ్‌స్పైక్‌ని, రెండు వేళ్లతో పైకి లాగి చూపించాడు. మేకు వెంట తడి పొట్టు ఊడి వచ్చింది. అలాంటివి వరసగా నాలుగుంటే బరువుకి పట్టా పక్కకి ఒరుగుతుంది, గేజి, అంటే రెండు పట్టాల మధ్య దూరం, విచ్చుకుంటుంది, చక్రం మధ్యలోకి జారుతుంది. బండి కదలక్కర్లేదు.

1976 ఏప్రిల్ 1న ప్రభుత్వం పెన్ సెంట్రల్‌నీ, దివాలా తీసిన మరికొన్ని రైల్వేలనీ కలిపి కాన్‌రైల్ అనే కంపెనీ పెట్టింది. లక్షల కొద్దీ స్లీపర్లు మార్చారు, వెల్డింగు పట్టాలు పరిచారు. అయినా నష్టాలు ఆగలేదు. 1980లో వచ్చిన స్టాగర్స్ చట్టం రైల్వేలకి సొంతంగా రేట్లు పెట్టుకునే స్వేచ్ఛ ఇచ్చింది, గిట్టుబాటు కాని లైన్లు వదిలించుకోవడం సులువు చేసింది. 1981లో స్టాన్లీ క్రేన్ అనే ఆయన కాన్‌రైల్ పగ్గాలు పట్టారు, ఆ ఏడాదే లాభం కనబడింది. 1987లో ప్రభుత్వం తన వాటాలు అమ్మేసింది. ఈలోగా సగానికి పైగా ఉద్యోగాలు పోయాయి. ఆ మాట వదిలేసి ఈ కథ చెప్పడం నాకు ఇష్టం లేదు.

మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు పెన్సిల్వేనియాలో ఆల్టూనా దగ్గరి హార్స్‌షూ కర్వ్ చూశాను. 1854 నాటి మలుపు అది. ఒకప్పుడు నాలుగు లైన్లుండేవి, 1981లో కాన్‌రైల్ ఒకటి పీకేసింది. 1999లో కాన్‌రైల్‌ని రెండు రైల్వేలు పంచుకున్నాక ఆ దారి వాటిలో ఒకటైన నార్‌ఫోక్ సదరన్‌కి వచ్చింది. కంటెయినర్ల బండి కొండెక్కుతుంటే మావాడు ఇంజన్లు లెక్కపెట్టాడు. నేను మాత్రం చక్రాల కింద స్లీపర్లనే చూస్తూ ఉండిపోయాను. ఒక్క మేకూ లేవలేదు.