రైఫిల్ విషయంలో ఏదీ దాచకు రూపా

కంచరపాలెం,
విశాఖపట్నం.

చిరంజీవి రూపకి పెదనాన్న ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, నీకు చిలికాలోని నేవీ ట్రైనింగ్ సెంటర్ నుంచి పిలుపు వచ్చిందని చెప్పాడు. కాసేపు నాకు నోట మాట రాలేదు. ఎవరికేమైందోనని మీ పెద్దమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. విషయం చెబితే చెంగుతో కళ్లు తుడుచుకుని, దేవుడి దగ్గర దీపం వెలిగించి వచ్చింది. డిసెంబరు 4న నేవీ డే విన్యాసాలు చూపించడానికి నిన్ను భుజాల మీద ఎక్కించుకుని ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లేవాణ్ణి. తుపాకి మోత వినపడితే చాలు, నా జుట్టు రెండు గుప్పిళ్లతో పట్టుకుని లాగేసేదానివి. ఆ గుంట ఇవాళ తెల్ల యూనిఫాం వేసుకోబోతోందంటే గర్వంగా ఉంది. భయం కూడా ఉంది. ఆ భయం వల్లే నిద్ర పట్టక ఈ ఉత్తరం రాస్తున్నాను.

చిన్న చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. సర్టిఫికెట్లు రెండేసి సెట్లు జెరాక్స్ తీయించి వేరే వేరే సంచుల్లో పెట్టుకో. పరుగు నీకు అలవాటే కాబట్టి దాని గురించి దిగుల్లేదు. ఈత మాత్రం రేపటి నుంచే మొదలుపెట్టు, నేవీలో దాన్నుంచి తప్పించుకోలేవు. కొత్త బూట్లు ఇంట్లో తొడుక్కుని తిరిగి, కాలికి అలవాటు చేసుకుని వెళ్లు. తిండి దగ్గర పేచీ పెట్టకు. బరంపురం దాటాక రైలు కిటికీలోంచి చిలికా సరస్సు కనిపిస్తుంది, చూడు. అంత నీళ్లు చూస్తే బెంగ కొంచెం తగ్గుతుంది. ఆడపిల్లని ఎలా చూస్తారో అని మీ అమ్మ బెంగపడుతోందట. అగ్నివీరుల మొదటి బ్యాచ్ 2023 మార్చిలో చిలికాలోనే కవాతు చేసి బయటికొచ్చింది, అందులో అమ్మాయిలున్నారని చెప్పు. నువ్వు వెళ్లేది వాళ్లు నడిచిన దారిలోనే.

ఇక రైఫిల్ సంగతి. నేను ఆర్మీ మనిషిని, ఓడల గురించి నీకు చెప్పగలిగేది ఏమీ లేదు. కానీ ఏ దళంలో చేరినా ట్రైనింగ్‌లో రైఫిల్ చేతికిస్తారు. నేను చేరినప్పుడు మాకు ఎస్‌ఎల్‌ఆర్ ఇచ్చేవారు. 7.62 మి.మీ. గుండు, మేగజైన్‌లో 20 రౌండ్లు, భుజం సరిగ్గా ఆనించకపోతే రెండు రోజులు నొప్పి. మా సర్వీసు చివర్లో ఇన్సాస్ వచ్చింది. అది 5.56 మి.మీ., మేగజైన్‌లో అవే 20, కానీ చేతికి కొంచెం తేలిక. నీ చేతికీ బహుశా అదే వస్తుంది. వేరేది వచ్చినా నేను చెప్పేది మారదు.

రైఫిల్ తీసుకోగానే బట్ నంబర్, అంటే భుజానికి ఆనే వెనక భాగం మీద ఉండే నంబర్, గుర్తుపెట్టుకో. సామాన్లన్నీ ఎదురుగా పరుచుకుని చూసుకో: పుల్‌త్రూ, నూనె సీసా, చిందీ గుడ్డ (బ్యారెల్ తుడిచే ముక్క), భుజానికి తగిలించుకునే స్లింగ్, బయొనెట్, మేగజైన్లు. ఏది తక్కువైనా సంతకం పెట్టే ముందే అడుగు.

విప్పే ముందు ముఖ్యమైన సంగతి ఒకటుంది. మేగజైన్ ముందు తీయాలి. ఆ తర్వాతే కాకింగ్ హ్యాండిల్ లాగి, గుండు కూర్చునే ఛాంబర్ ఖాళీ చేయాలి. వరస తిరగబడితే, అంటే మేగజైన్ ఉండగా హ్యాండిల్ లాగి వదిలితే, నువ్వే చేతులారా ఒక గుండుని ఛాంబర్‌లోకి ఎక్కించినట్టు. ఆ తర్వాత మేగజైన్ తీసేసి, ఖాళీ అయింది కదా అని ట్రిగ్గర్ నొక్కినవాళ్ల గురించి ప్రతి యూనిట్‌లోనూ ఒక కథ ఉంటుంది. కంటితో చూడు, వేలు పెట్టి తడుము. పక్కవాళ్లు ఖాళీ చేసి ఇచ్చినా సరే, నీ కంటితో నువ్వు చూసుకో. బ్యారెల్ మూతి ఎప్పుడూ మనుషుల వైపు తిరగకూడదు. ఇది మీ ఉస్తాద్, అంటే ట్రైనింగ్ ఇచ్చే ఆయన, రోజూ చెబుతారు, కాబట్టి ఇక్కడితో ఆపుతున్నాను.

బ్యారెల్ శుభ్రం చేయడం గురించి మాత్రం నా దగ్గర వివరంగా విను.

పుల్‌త్రూ అంటే ఒక తాడు. ఒక చివర ఇత్తడి బరువు, రెండో చివర చిందీ దూర్చడానికి ఉచ్చు. బరువుని ఛాంబర్ వైపు నుంచి వదిలి మూతి వైపు నుంచి లాగుతాం. ఒక్క లాగులో, ఆగకుండా, బ్యారెల్‌కి సూటిగా లాగాలి. తాడుని పక్కకి వంచి లాగితే మూతి అంచుకి రాసుకుంటుంది. రోజూ అలా రాసుకుంటే అంచు అరిగిపోతుంది, ఆ తర్వాత గురి ఎంత బాగున్నా గుండు దారి తప్పుతుంది. 303 రైఫిల్ కాలం నుంచి చిందీకి ఒక కొలత ఉండేది, నాలుగంగుళాల పొడవు, రెండంగుళాల వెడల్పు. ఆ బోరు, అంటే బ్యారెల్ లోపలి రంధ్రం, లావు కాబట్టి ఆ గుడ్డ సరిపోయేది. ఇన్సాస్ బోరు దానికంటే చాలా సన్నం. అదే ముక్క దూరిస్తే మధ్యలో బిగుసుకుపోతుంది. గుడ్డ ఎంత ఉండాలో ఉస్తాద్‌ని అడుగు, మొదటిసారి ఆయన ఎదురుగానే లాగి చూపించు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మా బ్యాచ్‌లో శ్రీకాకుళం వైపు కుర్రాడొకడు ఉండేవాడు. పేరు రాయను, మీ నాన్నకి తెలుసు. బ్యారక్‌లో నా పక్క మంచం. మన యాస వినపడితే చాలు, వాడి మొహం వెలిగిపోయేది. పాటలు పాడేవాడు, పరుగులో మా అందరికంటే ముందుండేవాడు. మర్నాడు ఫైరింగ్ అనగా సాయంత్రం వర్షం, కరెంటు వచ్చిపోతూ ఉంది. అందరం నేల మీద కూర్చుని రైఫిళ్లు శుభ్రం చేసుకుంటున్నాం. వాడి చిందీ గుడ్డ అయిపోయింది. పాత బనియన్ చింపి, బాగా తుడుచుకుపోతుంది కదా అని రెండు మడతలు పెట్టి ఉచ్చులో దూర్చాడు. తాడు పాతది. సగం దాకా వచ్చి గుడ్డ బిగుసుకుంది. గట్టిగా లాగేసరికి ఉచ్చు దగ్గర తాడు పుటుక్కున తెగిపోయింది. తాడు చేతికొచ్చింది, గుడ్డ లోపలే ఉండిపోయింది.

ఇవన్నీ వాడు తర్వాత ఆస్పత్రి మంచం మీద చెప్పాడు. ఆ సాయంత్రం మాకెవరికీ ఏమీ చెప్పలేదు. ఎక్కడో ఇనప తీగ సంపాదించి మూతి వైపు నుంచి పొడిచాడు. పొడిచిన కొద్దీ గుడ్డ ఇంకా గట్టిగా దట్టించుకుపోయింది. మా ఉస్తాద్ కఠినమైన మనిషి. తాడు పోగొడితే జీతంలోంచి కోస్తారని, వారం రోజులు రగడా, అంటే ఒళ్లు హూనమయ్యే శిక్ష, తప్పదని వాడి భయం. ఆ భయంతో రైఫిల్ కట్టేసి, పైకంతా నూనె రాసి, ఆయుధాలు దాచే కోత్‌లో అప్పగించేశాడు. పైకి అద్దంలా మెరుస్తోంది కదా, ఎవరికీ అనుమానం రాలేదు.

పొద్దున రేంజ్‌లో తొందర. వర్షం వెలిసింది, వెలుతురు ఉండగా అన్ని డిటైల్స్, అంటే జట్లు, ఫైరింగ్ పూర్తి చేయాలి. ఛాంబర్ ఖాళీగా ఉందా లేదా చూశారు, బ్యారెల్ ఈ చివర నుంచి ఆ చివరకి ఎవరూ చూడలేదు. గుండు దెబ్బకి గుడ్డ ఎగిరిపోతుందని వాడు అనుకున్నాడట. గుండు వెళ్లే దారిలో ఏది అడ్డున్నా, అది మెత్తని గుడ్డే అయినా, బ్యారెల్ తట్టుకోలేదు. వెనక నుంచి తోసుకొచ్చే గ్యాస్‌కి దారి దొరక్క ఆ అడ్డం దగ్గరే ఒత్తిడి పెరిగిపోతుంది. మొదటి రౌండ్‌కే బ్యారెల్ ఉబ్బి చీలింది. ఎడమ చెయ్యి ముందు పట్టు మీద ఉంటుంది కదా, రెండు వేళ్లు పోయాయి. ఆ రోజుతో వాడి సర్వీసు అయిపోయింది. వయసు ఇరవై కూడా లేదు.

ఆ సాయంత్రం ఒక్క మాట చెప్పి ఉంటే ఏమయ్యేది? ఆయుధాలు బాగుచేసే ఆర్మరర్ దగ్గరికి తీసుకెళ్తే, రాడ్డుతో అయిదు నిమిషాల్లో ఆ గుడ్డని బయటికి తోసేసేవాడు. తిట్లు పడేవి, తాడు డబ్బులు కట్టేవాడు, మర్నాడు పది మందితో పాటు ఫైరింగ్ చేసేవాడు. మీ అక్క పెళ్లికి వచ్చాడు, నీకు గుర్తుండదు. ఎడమ చేత్తో ఆకు సర్దుకోలేక ఇబ్బంది పడుతుంటే మీ పెద్దమ్మ దగ్గర కూర్చుని వడ్డించింది. వాడు నవ్వుతూనే ఉన్నాడు. నేను ఆ రాత్రి భోజనం చేయలేకపోయాను.

ఇది నీకు ప్రత్యేకంగా ఎందుకు చెబుతున్నానో నీకు తెలుసు రూపా. నువ్వు దాచే పిల్లవి. మీ నానమ్మ ఆవకాయ జాడీ పగలగొట్టి, పగిలిన వైపు గోడకి తిప్పి పెట్టేశావు. నూనె కారి అటకంతా పాడయ్యేదాకా ఎవరికీ తెలీలేదు. ఇంటర్ పరీక్షల ముందు జ్వరం వస్తే మీ అమ్మకి చెప్పకుండా మూడు రోజులు మాత్రలు మింగావు. ఎవరైనా తిడతారంటే నీ మొహం ఇంతైపోతుంది, ఆ బాధ నాకు తెలుసు. నిన్ను ఎప్పుడూ గట్టిగా తిట్టలేకపోయింది అందుకే. కానీ రైఫిల్ దగ్గర ఆ అలవాటు పనికిరాదు. చిందీ ఇరుక్కుందా, చెప్పు. పిన్ను కింద పడి దొరకలేదా, చెప్పు. విప్పింది మళ్లీ కట్టడం మరిచిపోయావా, చెప్పు. అందరి ముందూ పరువు పోతుందనుకుంటావు, పోనీ. వీపున బరువు మోయించే పిట్టూ పరేడ్లు పది వేస్తారు, వెయ్యనీ. పది వేళ్లతో ఇంటికి రా.

లాగిన ప్రతి గుడ్డా బయటికొచ్చిందా లేదా లెక్క చూసుకో. బోల్టు తీసి బయట పెట్టాక, ఛాంబర్ దగ్గర తెల్ల కాగితం ముక్క వెలుతురుకి ఎదురుగా పట్టుకుని, మూతి వైపు నుంచి లోపలికి చూడు. గాడులు తిరుగుతూ మెరుస్తూ కనిపించాలి, వెలుతురు గుండ్రంగా అవతలికి కనిపించాలి. కనిపించకపోతే ఎవరు తొందరపెట్టినా ఆగు. ఫైరింగ్‌కి వెళ్లే ముందు మళ్లీ ఒకసారి చూడు, అప్పుడు బ్యారెల్ పొడిగా ఉండాలి. రాత్రి రాసిన నూనె పొడి చిందీతో తీసేయాలి. నూనె ఉన్న బ్యారెల్‌లోంచి మొదటి గుండు ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు.

ఫైరింగ్ తర్వాత ఆ రోజు తుడిచి వదిలేయకు. మందు మసి చెమ్మ పీల్చుకుంటుంది. తుడిచిన మర్నాడు మళ్లీ నల్లగా వస్తుంది, ఆ మర్నాడూ వస్తుంది. చిందీ తెల్లగా బయటికొచ్చేదాకా వరసగా కొన్ని రోజులు చేయాల్సిందే. పాత 303 తూటాల క్యాప్‌లో ఉన్న రసాయనం కాలాక బ్యారెల్‌లో ఉప్పు మిగిల్చేదట, అందుకే అప్పట్లో మరిగే నీళ్లు పోసి కడిగేవారని మా పెద్ద ఉస్తాద్‌లు చెప్పేవారు. ఇప్పటి తూటాలకి ఆ బాధ లేదు. కానీ నువ్వు వెళ్లేది ఉప్పునీటి సరస్సు ఒడ్డుకి, ఆ తర్వాత బతికేది సముద్రం మీద. మన ఊళ్లో బీచ్ ఎదుట ఇళ్ల కిటికీ ఊచలు చూశావుగా, రంగు వేసిన కొన్నాళ్లకే పొరలు లేస్తాయి. అదే గాలి నీ రైఫిల్‌కీ తగులుతుంది. చెమట చేత్తో ముట్టుకున్న చోట వేలి ముద్ర ఆకారంలోనే తుప్పు వస్తుంది, నా కళ్లతో చూశాను. పట్టుకున్నాక పైనంతా నూనె గుడ్డతో ఒకసారి తుడిచి అప్పగించు.

గ్యాస్ పిస్టన్ మీద, గ్యాస్ సిలిండర్ లోపల మసి గట్టిగా పేరుకుంటుంది. దాన్ని వదిలేస్తే రైఫిల్ ఒక రౌండ్ కొట్టి రెండోది ఎక్కించుకోదు. అక్కడ ఓపిగ్గా తుడువు, గట్టిదానితో గీకి గాట్లు మాత్రం పెట్టకు. నూనె ఎక్కువ రాస్తే మంచిదనుకుంటారు పిల్లలు. ఎక్కువైన నూనె దుమ్ముని పట్టి పేస్టు చేస్తుంది. తూటాలకి నూనె అస్సలు తగలనీయకు. మేగజైన్ లోపల పొడి గుడ్డతో తుడవాలి, పై పెదవులు వంగకుండా చూసుకోవాలి, స్ప్రింగ్ మీద దుమ్ము ఉండకూడదు. కింద పడేస్తే తీసి పరీక్షించాకే వాడు. ఇన్సాస్ మేగజైన్లు ప్లాస్టిక్‌వి, 1999లో కార్గిల్ చలికి అవి పగిలాయని సైనికుల నుంచి ఫిర్యాదులు వచ్చాయి. నువ్వుండేది వేడి ప్రాంతమే అయినా, బీట వచ్చిందేమో చూసుకోవడం మానకు. బయొనెట్ ఒర లోపల కూడా తుడువు, అందరూ మరిచిపోయే చోటు అదే.

మీ నాన్న నిన్ను స్టేషన్‌లో దింపేటప్పుడు ఏమీ మాట్లాడడు. కోపం అనుకోకు. చిన్నప్పటి నుంచీ వాడంతే, మాట్లాడితే ఏడుపొస్తుందని నోరు బిగబట్టుకుంటాడు. బయల్దేరే ముందు రోజు రాత్రి మా ఇంటికి భోజనానికి రా. కట్టుకెళ్లడానికి మీ పెద్దమ్మ జంతికలు చేస్తోంది. వచ్చినప్పుడు నా పాత పుల్‌త్రూ తాడు ఒకటుంది, దానికి గుడ్డ ఎలా దూర్చాలో, చేత్తో ఎలా లాగాలో చూపిస్తాను. బ్యారెల్ లేకపోయినా ఇనప గొట్టం ముక్కతో నేర్చుకోవచ్చు, చిన్న సైజుది తెచ్చి పెట్టాను.

అక్కడ ఫోను చేతికిచ్చిన రోజున ముందు మీ అమ్మకి చెయ్యి, తర్వాత నాకు. ఎవరికీ చెప్పలేని తప్పు ఏదైనా జరిగితే మాత్రం ముందు మీ ఉస్తాద్‌కి చెప్పి, ఆ తర్వాత నాకు చెయ్యి. నేను తిట్టను.

ఇట్లు,
మీ పెదనాన్న