లినక్స్‌లో మన ప్రోగ్రాం సెట్టింగ్స్ ఎక్కడ దాచాలి?

పర్లాకిమిడిలో మందుల షాపుకి బిల్లింగ్ ప్రోగ్రాం రాస్తున్నాను, సెట్టింగ్స్ ఫైలు ప్రోగ్రాం ఉన్న ఫోల్డర్‌లోనే పెట్టొచ్చా అని అడిగారు. వద్దండి. అక్కడ రాయడానికి మామూలు యూజర్‌కి పర్మిషన్ ఉండదు, పైగా పొద్దున కూర్చునే అబ్బాయికి మెనూలు తెలుగులో, సాయంత్రం వచ్చే అతనికి ఒడియాలో కావాలంటే ఒకే ఫైలుతో ఇద్దరికీ రోజూ పేచీయే.

ముందు ఎక్స్‌డీజీ_కాన్ఫిగ్_హోమ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (ప్రోగ్రాం నడిచేటప్పుడు సిస్టమ్ నుంచి దానికి అందే విలువ) చూడండి. అందులో ఏదైనా ఫోల్డర్ దారి ఉంటే అక్కడే మీ ప్రోగ్రాం పేరుతో ఫోల్డర్ చేసి పెట్టండి. అది ఖాళీగా ఉంటే యూజర్ హోమ్‌లోని ‘.కాన్ఫిగ్’ ఫోల్డర్‌లో మీ ప్రోగ్రాం పేరుతో ఇంకో ఫోల్డర్ చేసి (‘.కాన్ఫిగ్’ అసలు లేకపోతే 0700 పర్మిషన్‌తో, అంటే ఆ యూజర్ ఒక్కడే తెరవగలిగేలా, సృష్టించి) అందులో పెట్టండి. దయచేసి నేరుగా హోమ్‌లో ఇంకో చుక్క ఫైలు (పేరు చుక్కతో మొదలయ్యే దాగిన ఫైలు) పడేయకండి, అక్కడ ఇప్పటికే కుప్పలుగా ఉన్నాయి, బ్యాకప్ తీసేటప్పుడు ఏది ఏ ప్రోగ్రాందో తెలియక ప్రాణం విసిగిపోతుంది.

షాపు పేరు, జీఎస్టీ నంబరు లాంటివి అందరికీ ఒకటే కాబట్టి అవి మొత్తం సిస్టమ్‌కి వర్తించే సెట్టింగ్స్ ఉండే ‘/ఈటీసీ’ ఫోల్డర్‌లో ఉండాలి. ప్రోగ్రాం ముందు దాన్ని చదివి, తర్వాత యూజర్ ఫైలు చదవాలి, రెండింట్లోనూ ఉన్న సెట్టింగ్‌కి యూజర్ మాటే చెల్లాలి.

బిల్లుల డేటాబేస్ మాత్రం కాన్ఫిగ్ (సెట్టింగ్స్) కాదు. ఇద్దరూ వాడేది గనక దాన్ని ప్రోగ్రాంలు తమ డేటా దాచుకునే ‘/వార్/లిబ్’ ఫోల్డర్ కింద పెట్టండి.