కన్సోల్ ఫ్లాపైతే తప్పు చిప్‌దేనా? చిప్ డిజైన్ ఒక్కటే దారా?

ప్రశ్న: ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. గేమ్ కన్సోల్స్ అంటే పిచ్చి. కొన్ని విడుదలైన రోజే హిట్టవుతాయి, కొన్ని ఎంత పవర్‌ఫుల్‌గా ఉన్నా ఫ్లాపవుతాయి, ఎందుకని? కన్సోల్ కంపెనీలో పనిచేయాలంటే వీఎల్‌ఎస్‌ఐలో ఎంటెక్ చేసి చిప్ డిజైన్‌లోకి వెళ్లడం తప్ప వేరే దారి లేదంటున్నారు, నిజమేనా? నాన్నగారేమో ఇదంతా కాలక్షేపమే తప్ప కెరీర్ కాదంటున్నారు.

జవాబు: చూడమ్మా, నువ్వు అడిగిన మొదటి ప్రశ్నకి జవాబు దొరికితే రెండోదానికీ దొరుకుతుంది. చిప్‌లో దమ్ము లేక లాంచ్‌లోనే బోల్తాపడ్డ కన్సోల్స్ చాలా తక్కువ. చిప్‌కీ దాని మీద గేమ్స్ రాసేవాళ్లకీ మధ్య, కంపెనీకీ షాపులకీ మధ్య, ధరకీ కొనేవాళ్ల జేబుకీ మధ్య ఎవరో ఒకరు చూసుకోవాల్సిన పని ఉంటుంది. అది చూసుకునేవాళ్లు లేకో, ఉన్నా వాళ్ల మాట చెల్లకో పోయినవే ఎక్కువ.

1995లో సెగా కంపెనీ తెచ్చిన శాటర్న్ కన్సోల్ సంగతి తీసుకో. అమెరికాలో సెప్టెంబర్ 2న విడుదల అని సెగా ముందే చెప్పింది. గేమ్స్ రాసే బయటి కంపెనీలు, అమ్మే షాపులు ఆ తేదీనే నమ్ముకుని ప్లాన్ చేసుకున్నాయి. అలాంటిది మే 11న ఈ3 అనే వీడియో గేమ్స్ ప్రదర్శనలో సెగా అమెరికా అధిపతి టామ్ కలిన్‌స్కీ, శాటర్న్ ఇప్పటికే షాపుల్లోకి వచ్చేసిందని, ధర 399 డాలర్లని ప్రకటించాడు. సోనీ ప్లేస్టేషన్ కంటే ముందు మార్కెట్లో ఉండాలన్న తొందర. సరుకు కొద్దిగానే ఉండటంతో కొన్ని చైన్ షాపులకే ఇచ్చారు, అందనివాళ్లకి ఒళ్లు మండింది, కేబీ టాయ్స్ అయితే సెగా సరుకు అమ్మడమే మానేసింది. బయటి కంపెనీల గేమ్స్ సెప్టెంబర్‌కి గానీ తయారవ్వవు కాబట్టి, ముందుగా కొన్నవాళ్లకి నెలల తరబడి ఆడుకోవడానికి సెగా సొంత గేమ్స్ తప్ప పెద్దగా ఏమీ లేవు. అదే ప్రదర్శనలో సోనీ తరఫున స్టీవ్ రేస్ వేదికెక్కి ‘299’ అని ఒక్క మాట చెప్పి దిగిపోయాడు. అక్కడ శాటర్న్‌కి తగిలిన దెబ్బ మళ్లీ మానలేదు.

ధర సంగతి ఇంకొంచెం లోతుగా అర్థం చేసుకోవాలి. కన్సోల్ కంపెనీలు చాలాసార్లు మెషీన్‌ని దాదాపు లాభం లేకుండా, ఒక్కోసారి నష్టానికే అమ్మి, తర్వాత అమ్ముడయ్యే ప్రతి గేమ్ మీదా రాయల్టీ తీసుకుని ఆ డబ్బు రాబట్టుకుంటాయి. 1993లో వచ్చిన 3డీఓ ఈ లెక్కనే తలకిందులు చేసింది. ఆ కంపెనీ డిజైన్‌ని లైసెన్స్‌కి ఇస్తే పానాసోనిక్ లాంటి కంపెనీలు మెషీన్ తయారుచేసి అమ్మేవి. గేమ్స్ మీద వచ్చే రాయల్టీ తయారీదారుకి రాదు కాబట్టి లాభమంతా మెషీన్ మీదే చూసుకోవాలి. అందుకే ధర 699 డాలర్లు పడింది. ఆ కాలానికి మంచి టెక్నాలజీయే, కానీ ఒప్పందం రాసుకున్న రోజే దాని రాత రాసేశారు. ఫైనాన్స్, లైసెన్సింగ్ పనులంటే బోర్ అనుకునే ఇంజినీరింగ్ పిల్లలకి నేను పదేపదే చెప్పే ఉదాహరణ ఇది.

ఇక నీకు బాగా దగ్గరగా వచ్చే కథ ప్లేస్టేషన్ 3ది. 2006 నవంబర్‌లో 499, 599 డాలర్ల ధరలతో వచ్చింది. డిస్కులు చదవడానికి వాడే బ్లూ లేజర్ డయోడ్ల కొరత వల్ల యూరప్‌లో విడుదల మరుసటి ఏడాది మార్చికి జరిగింది. అంటే ఒక్క చిన్న విడిభాగం ఒక ఖండం మొత్తం లాంచ్‌ని ఆపేసింది. దాని సెల్ ప్రాసెసర్ కాగితం మీద అద్భుతం, కానీ ఒక ప్రధాన కోర్, దాని చుట్టూ వేరే రకం చిన్న కోర్లు, వాటికి పనిని ముక్కలు చేసి పంచే భారమంతా గేమ్ ప్రోగ్రామర్ నెత్తిన పడింది. దాంతో గేమ్స్ ఆలస్యమయ్యాయి, వచ్చిన కొన్ని మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ 360లో కంటే నాసిగా నడిచాయి. ధర తగ్గి, ప్రోగ్రామర్లకి చెయ్యి తిరిగాక అదే కన్సోల్ ఎనిమిదిన్నర కోట్లకు పైగా అమ్ముడైంది, అంటే సరుకులో సత్తా మొదటినుంచీ ఉంది.

తర్వాత సోనీ చేసిన పని నీ కెరీర్‌కి పనికొచ్చేది. ప్లేస్టేషన్ 4కి మార్క్ సెర్నీని ప్రధాన ఆర్కిటెక్ట్‌గా పెట్టారు. ఆయన చిప్ డిజైనర్‌గా మొదలైనవాడు కాదు, టీనేజ్‌లోనే అటారీలో చేరి గేమ్స్ రాసినవాడు. డిజైన్ మొదలుపెట్టే ముందు గేమ్స్ తీసే జట్లని కలిసి, మీకేం కావాలి అని అడిగాడు. 2013లో ఒక ప్రసంగంలో ‘టైమ్ టు ట్రయాంగిల్’ అనే కొలత చెప్పాడు. ఒక జట్టు కొత్త మెషీన్ చేతికొచ్చాక తెర మీద మొదటి ట్రయాంగిల్ గీయడానికి, అంటే గ్రాఫిక్స్ పని కాస్త దారిలో పడటానికి, ఎంతకాలం పడుతుంది అని. ప్లేస్టేషన్ 3కి ఆరు నుంచి పన్నెండు నెలలు పట్టేదని, ప్లేస్టేషన్ 4కి అది ఒకటి రెండు నెలలకి వచ్చిందని ఆయన లెక్క. మామూలు పీసీలో ఉండే ఎక్స్86 తరహా చిప్ వాడటం, 8 జీబీ మెమరీ అంతా ఒకేచోట ఇవ్వడం ఇందుకు సాయపడ్డాయి. పైగా ధర 399 డాలర్లు. అది వచ్చిన 2013 నవంబర్‌లోనే మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ వన్, ఆడేవాళ్ల కదలికల్ని గుర్తించే కైనెక్ట్ కెమెరాతో కలిపి 499కి వచ్చింది, అంతకుముందే ఆన్‌లైన్ చెకింగ్, పాత డిస్కుల అమ్మకం మీద ఆంక్షలు ప్రకటించి, జనం తిరగబడితే వెనక్కి తీసుకుంది. రెండింటిలోనూ ఉన్నది ఏఎండీ అనే కంపెనీ చిప్పే.

ఈ చివరి వాక్యం ఇంకోసారి చదువు. ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ చిప్స్ కూడా ఏఎండీ టెక్నాలజీతో చేసినవే, నింటెండో స్విచ్‌లోది ఎన్‌విడియాది. కాబట్టి నీకు నిజంగా చిప్ గీయడమే ఇష్టమైతే ఎంటెక్ చెయ్, నేను వద్దనను, కానీ నువ్వు వెతకాల్సిన గుమ్మం ఎక్కువగా ఆ కంపెనీలది. కన్సోల్ కంపెనీలోనే ఉండాలనుకుంటే అక్కడ ఎక్కువ కుర్చీలు సిస్టమ్ సాఫ్ట్‌వేర్, డెవలపర్ టూల్స్, ఎస్‌డీకే (గేమ్స్ రాసేవాళ్లకి కంపెనీ ఇచ్చే సాఫ్ట్‌వేర్ కిట్), ఫర్మ్‌వేర్, టెస్టింగ్, సప్లై ప్లానింగ్‌లో ఉంటాయి. నీ ఉత్తరం చదివితే నువ్వు ఆ వైపు మనిషివనే నాకనిపిస్తోంది, ఎందుకంటే నువ్వు చిప్ ఎలా పనిచేస్తుందని అడగలేదు, ఫ్లాప్ ఎందుకైందని అడిగావు.

అలాగని హార్డ్‌వేర్‌ని చిన్నచూపు చూడకు. ఎక్స్‌బాక్స్ 360 పోటీకంటే ఏడాది ముందే వచ్చి బాగా అమ్ముడైంది, కానీ వేడికి పాడైపోయి ఎర్ర లైట్లు వెలిగిన మెషీన్ల వారంటీ కోసం 2007లో మైక్రోసాఫ్ట్ వంద కోట్ల డాలర్లకు పైగా పక్కన పెట్టాల్సొచ్చింది. థర్మల్ టెస్టింగ్ విలువేంటో ఆ అంకె చెబుతుంది. 1989లో చేత్తో పట్టుకుని ఆడే నింటెండో గేమ్ బాయ్ రంగుల్లేని తెరతో వచ్చి, రంగుల తెరున్న అటారీ లింక్స్‌ని దాటేసింది. లింక్స్ ఆరు బ్యాటరీలని కొన్ని గంటల్లో తాగేసేది, గేమ్ బాయ్ నాలుగింటితో చాలా ఎక్కువసేపు నడిచేది, ధర తక్కువ, పైగా అమెరికాలో పెట్టెలోనే టెట్రిస్. పవర్ మేనేజ్‌మెంట్ సబ్జెక్ట్ నిద్రొస్తోందనిపిస్తే ఇది గుర్తు తెచ్చుకో.

మార్కెటింగ్ పనికిరాదనుకుంటే నింటెండో వీ యూ ఉంది: అమ్మకాలు 10 కోట్లు దాటిన పాత కన్సోల్ వీ పేరే కాస్త మార్చి పెట్టడంతో, అది కొత్త కన్సోలో పాతదానికి యాక్సెసరీయో చాలామందికి అర్థం కాలేదు, 1.36 కోట్ల దగ్గర ఆగింది. అదే నింటెండో 2017లో వచ్చిన కన్సోల్‌కి స్విచ్ అని పేరు పెట్టి, టీవీ దగ్గర్నుంచి తీసి చేత్తో పట్టుకుపోవడం ఒక్క చిన్న వీడియోలో చూపించింది, మొదటి రోజే కొత్త జెల్డా గేమ్ ఇచ్చింది. కొత్త కన్సోల్ కొనేది ముందు ఆ ఒక్క గేమ్ కోసమే.

నాన్నగారి మాట కొట్టిపారేయకు. ఈ రంగంలో ఉద్యోగాలు ఊడతాయి. 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ గేమింగ్ విభాగం 1,900 మందిని, ఆ మరుసటి నెల సోనీ ప్లేస్టేషన్ విభాగం 900 మందిని తీసేస్తున్నట్టు ప్రకటించాయి. ఆ టెన్షన్ ఆయనకి ఉండటం సహజం. ఆయనకి చెప్పాల్సింది ఏంటంటే, సీ++, ఆపరేటింగ్ సిస్టమ్స్, గ్రాఫిక్స్ డ్రైవర్లు, ఎంబెడెడ్ పని నేర్చుకుంటే అవే నైపుణ్యాలు ఫోన్లు, కార్లు, వైద్య పరికరాల కంపెనీల్లోనూ చెల్లుతాయి. కన్సోల్ మీద పిచ్చి నీకు చదివే ఊపునిస్తుంది, అన్నం పెట్టేది ఆ నైపుణ్యం. ‘గేమ్ డిజైన్’ అని పేరు పెట్టి లక్షలు వసూలు చేసే షార్ట్ కోర్సుల జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లొద్దు.

ఈ సెలవుల్లో రెండు పనులు చెయ్. ఒకటి, గ్రాఫిక్స్ ప్రోగ్రామింగ్‌కి వాడే వల్కన్‌లో నీ చేత్తో ఒక ట్రయాంగిల్ గీయి. మొదటిసారి రాసేవాళ్లకి దాదాపు వెయ్యి లైన్ల కోడ్ అవుతుంది. ఎక్కడ ఆగిపోయావో, డాక్యుమెంటేషన్‌లో ఏ ముక్క అర్థం కాలేదో రోజూ రాసిపెట్టుకో. ఎస్‌డీకే జట్లలో చేసే పని చాలావరకు ఆ ఇబ్బందులు తీర్చడమే, ఇంటర్వ్యూలో చూపించడానికి ఆ నోట్స్ పనికొస్తాయి. రెండోది, నింటెండో తన ఆర్థిక ఫలితాలన్నీ ఇంగ్లిష్‌లో సైట్‌లో పెడుతుంది. 2011లో చేత్తో పట్టుకుని ఆడే 3డీఎస్‌ని 249 డాలర్లకి తెచ్చి ఆర్నెల్లు తిరక్కుండానే 169కి ఎందుకు దించారో వాటి ఆధారంగా రెండు పేజీలు రాయి. రాస్తున్నప్పుడు ఏది ఎక్కువ ఆసక్తిగా అనిపించిందో, కోడా, ఈ లెక్కలా, అది నాకు రాసి పంపు, ఎంటెక్కా ఎంబీఏనా నేరుగా ఉద్యోగమా అన్నది అప్పుడు మాట్లాడదాం.