రెండు భాషల వల్లే బాబుకి మాటలు రావడం లేదా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. బాబుకి రెండున్నరేళ్లు. అమ్మ, తాత, పాపా అనే మాటలు తప్ప రావు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా కావడంతో తికమక పడుతున్నాడని, తెలుగు మానేయమని అంటున్నారు. తలుపు గట్టిగా వేస్తే తిరిగి చూస్తాడు, కాబట్టి చెవుడు లేదనుకుంటున్నాం. వాళ్ల నాన్నకీ ఆలస్యంగానే మాటలొచ్చాయని అత్తగారు ఆగమంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, తెలుగు మానకండి. రెండు భాషలు వినడం వల్ల పిల్లలకి మాటలు ఆగిపోవు. తెలుగులో కొన్ని, ఒడియాలో కొన్ని అన్నా రెండూ కలిపే లెక్కపెట్టాలి. రెండేళ్లు నిండేసరికి మామూలుగా 50 మాటల వరకు వస్తాయి, "పాలు ఇవ్వు" అన్నట్టు రెండేసి కలుపుతారు. మీ బాబు అక్కడికి రాలేదు కాబట్టి ఇక ఆగవద్దు. నాన్నకి ఆలస్యమైనా తర్వాత సర్దుకుని ఉండవచ్చు, కానీ ఆ ధైర్యంతో పరీక్ష వాయిదా వేయకూడదు.

ముందు చెవులు చూపించండి. తలుపు చప్పుడుకి తిరిగాడంటే పూర్తిగా వినబడుతోందని కాదు. నేల అదిరినా పిల్లలు తిరుగుతారు. కొందరికి లావు శబ్దాలు వినబడి, స, శ లాంటి సన్నని శబ్దాలు అందవు. అలాంటి పిల్లలకి మాట సగం సగమే చేరుతుంది. మనం "మూగ" అనేసే పిల్లల్లో చాలామందికి గొంతు బాగానే ఉంటుంది, లోపం చెవిలో ఉంటుంది. ఆ మాట, "మొద్దు" అనే మాట బాబు ముందు ఎవరినీ అననివ్వకండి.

బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీలో ఈఎన్‌టీ విభాగం ఉంది. పాతపట్నం మీదుగా శ్రీకాకుళం దగ్గరనిపిస్తే అక్కడ ఈఎన్‌టీ డాక్టరుకి చూపించండి. లోపలి చెవి స్పందన చూసే ఓఏఈ, శబ్దం వినికిడి నరం గుండా మెదడుకి చేరుతోందా అని చూసే బెరా పరీక్షల గురించి అడగండి. నొప్పి ఉండదు. బెరాకి బాబు నిద్రపోవాలి, అందుకే మందు ఇచ్చి పడుకోబెట్టవచ్చు. తరచూ జలుబు చేసి చెవి లోపల నీరు చేరినా వినికిడి తగ్గుతుంది, దానికి వైద్యం ఉంది. నరం లోపమైతే వినికిడి యంత్రం, స్పీచ్ థెరపీ ఎంత త్వరగా మొదలైతే అంత మేలు. మీది మేనరికమైతే చెప్పండి. తప్పు పట్టడానికి కాదు, కారణం వెతకడానికి పనికొస్తుంది.

చెవులు బాగుంటే పిల్లల డాక్టరు ఎదుగుదల చూస్తారు: పేరు పిలిస్తే పలుకుతున్నాడా, కళ్లలోకి చూస్తున్నాడా, కావలసింది వేలితో చూపిస్తున్నాడా అని. ఇవి లేకపోతే ఆటిజం కోసం పరీక్షిస్తారు. వెళ్లేటప్పుడు ఇంట్లో ఆడుకుంటున్న వీడియో ఒకటి, వచ్చిన మాటల జాబితా పట్టుకెళ్లండి. కొత్తచోట పిల్లలు బిగుసుకుపోతారు, అక్కడ చూసింది చాలదు.