గ్యాస్ కొలిమికి బర్నర్ చేసుకునే ముందు

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

బొగ్గుల కొలిమి బదులు గ్యాస్ కొలిమి పెట్టుకుందామనుకుంటున్నానని ఫోన్‌లో చెప్పావు. మంచి ఆలోచనే. తుమ్మబొగ్గు దొరకడమే కష్టంగా ఉంది. కొడవళ్లకీ చిన్న కత్తులకీ గ్యాస్ హాయిగా సరిపోతుంది. గునపాలు, నాగటి కర్రుల లాంటి పెద్ద పనికి మాత్రం పాత కొలిమే సుఖం, దాన్ని తీసేయకు.

బర్నర్ అనగానే అందరూ గ్యాస్ గురించే ఆలోచిస్తారు. అసలు సంగతంతా గాలిది. ఒక వంతు ప్రొపేన్ పూర్తిగా మండాలంటే దాదాపు 24 వంతుల గాలి కావాలి. మన సిలిండర్లలో బ్యూటేన్ కూడా కలిసి ఉంటుంది, దానికి 31 వంతులు. ఇంత గాలిని బ్లోయర్ లేకుండా లాక్కొచ్చేది సన్నని బెజ్జంలోంచి వేగంగా దూకే గ్యాస్ ధారే. ఆ ధార పైపు నడిమధ్యలో తిన్నగా పోవాలి. రవ్వంత పక్కకి ఒరిగినా గాలి సరిగా రాదు, మంట పసుప్పచ్చగా సాగి పొగ కక్కుతుంది. అందుకే నీ శ్రద్ధంతా అక్కడ పెట్టు.

తయారీకి పెద్ద సరంజామా అక్కర్లేదు. అటూ ఇటూ అంగుళం, మధ్య కొమ్ము ముప్పావు అంగుళం ఉండే రెడ్యూసింగ్ టీ (ఇంగ్లీషు T ఆకారంలో ఉండే పైపు జాయింటు) ఒకటి, ఎనిమిది అంగుళాల పొడవున్న ముప్పావు అంగుళం పైపు ముక్క ఒకటి, మిగ్ వెల్డింగ్ టార్చికి పెట్టే రాగి టిప్ ఒకటి. గ్యాస్ దూకే సన్నని బెజ్జం ఈ టిప్‌దే. 0.8 లేదా 0.9 మిల్లీమీటర్ల టిప్ తీసుకో. సికింద్రాబాద్ రాణిగంజ్ వైపు వెళ్తే ఫిట్టింగులన్నీ ఒకే వీధిలో దొరుకుతాయి. పైపు మాత్రం జీఐ (జింకు పూత పూసినది) వద్దు, పూత లేని నల్ల ఎంఎస్ ఇనుప పైపే అడుగు. జీఐ పూతలోని జింకు వేడికి ఆవిరై పొగగా వస్తుంది, అది పీల్చితే చలిజ్వరం పట్టుకుంటుంది.

పైపుని టీ కొమ్ముకి బిగించు. కొమ్ముకి సరిగ్గా ఎదురుగా టీ వీపు మీద రంధ్రం వేసి, మర తీసి, టిప్ పట్టుకునే ఇత్తడి ఫిట్టింగ్ బిగించాలి. గ్యాస్ వీపు వైపు నుంచి వస్తుంది, గాలి రెండు పక్కల తెరిచిన నోళ్లలోంచి వస్తుంది. ఈ రంధ్రాన్ని చేతి డ్రిల్లుతో వేయొద్దు. పైపుతో సహా లేత్ దగ్గరికి తీసుకెళ్లు, దాని పట్టులో, అంటే చక్‌లో, బిగించి వేస్తే మధ్యకే వస్తుంది. తరవాత టిప్‌లో తిన్నని సన్న తీగ దూర్చి పైపు అవతలి కొస నుంచి చూడు. తీగ మధ్యలో కనపడాలి. పక్కకి ఉంటే ఇంకో టీ కొని మళ్లీ వేయించు. ఫిట్టింగ్ వంచి సర్దితే నాలుగు రోజులు కూడా నిలవదు.

మంట సరిచేయడం టిప్ పొడవుతోనే. మంట ఎర్రగా, పొడుగ్గా, సోమరిగా ఉంటే గాలి తక్కువైనట్టు. టిప్ కొసని ఆకురాయితో కొంచెం కొంచెం తగ్గిస్తూ, ప్రతిసారీ మంట చూసుకో. మరీ తగ్గిస్తే గాలి ఎక్కువై ఇనుము మీద చిట్టెం, అంటే పెచ్చులుగా రాలే నల్ల పొర, విపరీతంగా కడుతుంది. నా లెక్కలో కొలిమి నోట్లోంచి చిన్న మంట నాలుక బయటికి వచ్చేంత గ్యాస్ ఉండటమే మంచిది.

బర్నర్ చవగ్గా అయిపోతుంది. డబ్బు ఖర్చు పెట్టాల్సింది రెగ్యులేటర్ మీదా, హోస్ మీదా. వంటింటి రెగ్యులేటర్ ఇచ్చే ఒత్తిడి దాదాపు 30 మిల్లీబార్లు, దానితో ఈ బర్నర్ గాలి లాగలేదు. గేజ్ ఉన్న హై ప్రెషర్ రెగ్యులేటర్, దానికి తగిన హోస్ కొను. 0.3 నుంచి 1 బార్ మధ్యలోనే నీ పనంతా అయిపోతుంది. సిలిండర్ 19 కిలోల కమర్షియల్‌దే తీసుకో. ఇంటి కనెక్షన్ ఎరుపు సిలిండర్ పనికి వాడటం చట్టవిరుద్ధం.

ఇంకొకటి గట్టిగా చెబుతున్నాను. కొలిమి గుల్ల కోసం పాత గ్యాస్ సిలిండర్ కోయొద్దు. ఖాళీ అనుకున్నదాంట్లోనూ గ్యాస్ మిగిలి ఉంటుంది, కటింగ్ వీల్ నిప్పురవ్వ చాలు. పైగా అది కంపెనీ సొత్తు. మందపాటి ఎంఎస్ పైపు ముక్క తెచ్చుకో. లోపల 1260 డిగ్రీల వేడికి తట్టుకునే సిరామిక్ బ్లాంకెట్ (దూది దుప్పటి లాంటి పీచు పొర) అంగుళం మందాన రెండు పొరలు వేసి, పైన రిఫ్రాక్టరీ సిమెంట్, అంటే మంటకి తట్టుకునే సిమెంట్, పూయాలి. బ్లాంకెట్ కోసేటప్పుడు మాస్క్ తప్పకుండా పెట్టుకో, ఆ నూగు ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. బర్నర్ కొస లోపలి గోడ దాకా రాకుండా ఓ సెంటీమీటరో, కాస్త ఎక్కువో వెనక్కే ఆగాలి. లోపలికి చొచ్చుకొస్తే పైపు ఎర్రబడి మంట వెనక్కి తన్ని పట్ పట్‌మంటుంది. అలా మోగితే వెంటనే కట్టేయి.

ఎల్పీజీ గాలికంటే బరువు, నేల మీదే పేరుకుంటుంది. అందుకే గుంటల్లో, మూసిన గదుల్లో ఈ పని పెట్టుకోకూడదు. నాలుగు వైపులా గాలాడే పాక కింద పెట్టుకో. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, తల బరువెక్కినట్టు అనిపిస్తే వెంటనే బయటికి వచ్చేయి. అతుకులన్నీ సబ్బు నీళ్లతోనే చూడు, అగ్గిపుల్లతో కాదు. వెలిగించేటప్పుడు ముందు మండుతున్న కాగితం లోపల పెట్టి, ఆ తర్వాతే గ్యాస్ కొద్దిగా తిప్పు, కొలిమి నోటికి ఎదురుగా నిలబడకు. గ్యాస్ వదిలి అగ్గిపెట్టె వెతకడం లాంటి ప్రమాదం ఇంకోటి లేదు. ఆపేటప్పుడు ముందు సిలిండర్ వాల్వ్ కట్టు, హోస్‌లో మిగిలింది మండిపోనీ.

చలికాలం పొద్దున సిలిండర్‌కి మంచు పట్టి ఒత్తిడి పడిపోతుంది. నిప్పు చూపించకు, పక్కకి పడుకోబెట్టకు. మామూలు నీళ్ల టబ్బులో నిలబెడితే చాలు. లేత్ పని అయ్యాక తీగ పరీక్ష ఫోటో తీసి పంపు, టిప్ కోసే ముందు నేను చూస్తాను. మొదటిసారి వెలిగించే రోజు ముందే చెప్పు, నేనొచ్చేదాకా ఆగు.

పెదనాన్న